రేణిగుంట ఎయిర్‌పోర్ట్ నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్‌కి నిజంగా ఎంతసేపు పడుతుంది? (సాయంత్రం కువైట్ విమానం ఉంది)

కట్టమంచి కుర్రోడు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా చెల్లెలు కువైట్‌లో ఉంది, తొలి కాన్పు. అమ్మా నాయనా తోడుగా పోతా ఉండారు. టికెట్లు చెన్నై నుంచి తీసినారు. వచ్చే నెల 12వ తేదీ సాయంత్రం 7:20కి విమానం. వాళ్లిద్దరూ ఇప్పుడు హైదరాబాద్‌లో మా అన్న దగ్గర ఉండారు. అన్న అదే రోజుకి రేణిగుంటకు టికెట్ తీసినాడు, పగలు 11:10కి దిగుతారు. నేను చిత్తూరులో సామానంతా కారులో వేసుకోని రేణిగుంట పోయి, వాళ్లని ఎక్కించుకోని అట్నుంచి అటే మీనంబాక్కం (చెన్నై ఎయిర్‌పోర్ట్) పోవాలని అనుకుంటా ఉండాను.

నెట్‌లో ఒకచోట ఈ రెండు ఎయిర్‌పోర్ట్‌ల మధ్య 98 కిలోమీటర్లు, ప్రయాణం 37 నిమిషాలు అని ఉంది. మ్యాప్‌లో చూస్తే 135 నుంచి 145 కిలోమీటర్లు, మూడు గంటల చిల్లర. టికెట్ల యాప్‌లో కొడితే హైదరాబాద్ మీదుగా ఏడు గంటలు చూపిస్తా ఉంది. వీట్లో ఏది నమ్మేది? అమ్మకు మోకాళ్ల నొప్పి, నాయనకు షుగర్. ఇద్దరూ విదేశం పోవడం ఇదే మొదలు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల అయ్యవారు | సోమవారం, రాత్రి 10:15

నాయనా, మూడు అంకెలూ నిజమే. ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబు.

98 అనేది పక్షి ఎగిరినట్టు తిన్నగా గీసిన గీత. నువ్వే లెక్క కట్టుకోవచ్చు. రేణిగుంట విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 13.63, తూర్పు రేఖాంశం 79.54. మీనంబాక్కం 12.99, 80.17. అక్షాంశంలో తేడా 0.64 డిగ్రీలు. ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి దక్షిణానికి 71 కిలోమీటర్లు. రేఖాంశంలో తేడా 0.63. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి గనక మన ప్రాంతంలో దాన్ని 0.973తో గుణించాలి. అప్పుడు తూర్పుకు 68 వస్తుంది. 71 వర్గం, 68 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 98. పదో తరగతి పిల్లలకు పైథాగరస్ సిద్ధాంతం చెప్పేటప్పుడు నేను ఇట్లాంటి ఊళ్ల లెక్కలే ఇస్తాను.

ఇక ఆ 37 నిమిషాలు. విమానం వేగం గంటకు 800 అనుకుంటే 98 కిలోమీటర్లకు ఏడు నిమిషాల పైచిలుకు. పైకి లేవడానికి, దిగడానికి ఒక అరగంట కలిపితే 37. అంటే ఆ గీత మీద విమానం తిరుగుతుందా లేదా అని చూసి వేసిన అంకె కాదది, ఏ రెండు ఊళ్లు ఇచ్చినా అదే సూత్రం. యాప్ చూపించిన దారిలో పోతే రేణిగుంట నుంచి శంషాబాద్ దాకా 416 కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, అక్కణ్నుంచి మళ్లీ 505 కిలోమీటర్లు దక్షిణానికి దిగాలి. 98 కోసం 920.

నీకు పనికొచ్చేది రోడ్డు అంకె. అందులోనూ కిలోమీటర్లు వదిలిపెట్టి గంటలు చూడు.

నగరి నేత | సోమవారం, రాత్రి 10:52

ఆ రోడ్డు మీద వారానికి రెండుసార్లు చీరల మూటలతో పోయేవాణ్ని, నేను చెప్తా. రేణిగుంట నుంచి వడమాలపేట, పుత్తూరు దాకా ఒకటే దారి. పుత్తూరులో రెండుగా చీలుతుంది.

ఒకటి నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా. రెండోది నాగలాపురం, సురుటుపల్లి, ఊత్తుకోట మీదుగా. తిరుపతి నుంచి చెన్నై ఊళ్లోకి పోయే చాలామంది రెండోది పడతారు. అయితే నువ్వు పోవాల్సింది ఊళ్లోకి కాదు. మీనంబాక్కం ఊరికి నైరుతి పక్క ఉంటుంది. ఊత్తుకోట దారి నిన్ను ఊరికి ఉత్తరాన దింపుతుంది, అక్కణ్నుంచి ఊరంతా దాటుకోవాల. అందుకని తిరువళ్లూరు వైపే రా. ఆవడికి ముందు నెమిలిచ్చేరి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. దాని మీద దక్షిణానికి తిరిగి పూందమల్లి దాటి కుండ్రత్తూరు, పల్లావరం పక్క దిగితే ఎయిర్‌పోర్ట్ వచ్చేస్తుంది. కిలోమీటర్లు కొంచెం పెరుగుతాయి, సిగ్నళ్లు మాత్రం సగం తప్పుతాయి.

మామూలు రోజున మూడున్నర గంటలు పెట్టుకో. ఒక్క సంగతి, 12వ తేదీ ఆడికృత్తికకు దగ్గరపడుతుందేమో పంచాంగం చూసుకో. ఆ రెండు మూడు రోజులు తిరుత్తణి కొండకు కావళ్లు మోసుకొని మన జిల్లా నుంచే వేలమంది నడిచిపోతారు. రోడ్డుకు ఒక పక్కంతా వాళ్లే ఉంటారు. అప్పుడు నగరి నుంచి తిరుత్తణికి రెండు గంటలు పట్టినా పడుతుంది.

రన్‌వే 08 | మంగళవారం, ఉదయం 6:30

విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్‌గా పదేళ్లు చేసి మానేశాను. రోడ్డు గురించి అన్న బాగా చెప్పాడు. నేను రోడ్డుకు ముందూ వెనకా ఉండే టైం గురించి చెప్తాను, అందరూ లెక్కలో వదిలేసేది అదే.

టికెట్ మీద 11:10 అని ఉంటే అది విమానం ఆగి చక్రాలకు దిమ్మలు పెట్టే టైం. బయలుదేరే టైం కూడా అంతే, అక్కడ దిమ్మలు తీసి కదిలిన క్షణం. మధ్యలో ఉన్నదాన్ని బ్లాక్ టైం అంటారు. హైదరాబాద్ నుంచి తిరుపతికి గంటా పావు రాసి ఉంటే గాల్లో ఉండేది అందులో ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు. మిగతాది విమానం రన్‌వే దాకా నేల మీద పోవడం, వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ నేల మీద రావడం. అది రెక్కల పంకాలున్న ఏటీఆర్ అయితే వేగం గంటకు 500 చిల్లరే, ఇంకాస్త పడుతుంది.

అమ్మకు మోకాళ్ల నొప్పి అన్నావు, వీల్‌చైర్ తప్పకుండా అడగండి. టికెట్‌లోనే ముందుగా రాయించాలి. అయితే వీల్‌చైర్ వాళ్లను అందరూ దిగిపోయాక చివర్లో దింపుతారు. దానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేసుకో. రేణిగుంట టెర్మినల్ చిన్నదే, 2015లో కట్టిన కొత్త టెర్మినల్ కాబట్టి నడక ఎక్కువ ఉండదు. లగేజీ వచ్చి బయటపడేసరికి 11:45.

చెన్నైలో అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు ఉండాలి, అంటే 4:20. మధ్యలో నీకు మిగిలేది నాలుగున్నర గంటలు. రోడ్డుకు మూడున్నర పోతే, భోజనానికి, నాయన మాత్రకు, ఇంకే ఆటంకం వచ్చినా దానికీ కలిపి గంట. హైదరాబాద్ విమానం ఒక గంటన్నర ఆలస్యమైందనుకో, ఏమీ మిగలదు. రెండు టికెట్లు వేరువేరుగా తీశారు కాబట్టి మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే ఆ చిక్కు వాళ్లు చూసుకుంటారు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, కౌంటర్ ముందు కూర్చొని ఏడ్చిన పెద్దవాళ్లను నేను చూశాను.

అలిపిరి మెట్టు | మంగళవారం, ఉదయం 8:05

రన్‌వే అన్న చెప్పింది నా అనుభవం. మూడేళ్ల కిందట దర్శనం చేసుకొని కొండ మీద నుంచే నేరుగా రేణిగుంట పోయి విమానం ఎక్కుదామనుకున్నాం. తిరుమల నుంచి ఎయిర్‌పోర్ట్ నలభై కిలోమీటర్లు కూడా లేదు కదా, గంట చాలనుకున్నాం. ఘాట్ రోడ్డులో దిగడానికి నలభై నిమిషాలకు తక్కువ పట్టకూడదని దేవస్థానం వాళ్ల నిబంధన, ఎక్కడానికైతే 28. ముందే వచ్చేస్తే అలిపిరిలో ఆపుతారు. వేగంగా దిగి ప్రమాదాలు చేసుకోకుండా పెట్టిన మంచి నిబంధన అది, మా డ్రైవర్‌కు తెలుసు, మాకే తెలియదు. లగేజీ దించి, కారు ఎక్కి, కొండ దిగి, ఊరు దాటి పోయేసరికి కౌంటర్ మూసి పది నిమిషాలైంది. దేశీయ విమానాలకు గంట ముందే కౌంటర్ మూస్తారు. మా పాప ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ రాత్రికి రేణిగుంట జంక్షన్‌లో రైలెక్కి పోయాం.

తమ్ముడూ, అదే రోజు పెట్టుకోవద్దు.

కట్టమంచి కుర్రోడు | మంగళవారం, ఉదయం 9:20

చాలా మేలు చేసినారు. అయితే ఒక మాట. రైలు ఎట్లా ఉంటుంది? రేణిగుంట నుంచి చెన్నై సెంట్రల్, అక్కణ్నుంచి మెట్రో ఎయిర్‌పోర్ట్ దాకా ఉందంట గదా?

నగరి నేత | మంగళవారం, ఉదయం 9:41

మెట్రో ఉంది, 2018 నుంచి సెంట్రల్ కింద నుంచే ఎయిర్‌పోర్ట్‌కి పోతుంది, ముప్పావు గంట. ఒక్కడివే ఒక సంచితో పోతే అంత మంచి దారి లేదు. రోడ్డు మీద ఏం జరిగినా దానికి సంబంధం లేదు. కాన్పు సామాను, ఇద్దరు పెద్దవాళ్లతో సెంట్రల్ ప్లాట్‌ఫాం నుంచి మెట్రోలోకి దిగడం మాత్రం వద్దు.

రాజంపేట టు ఫర్వానియా | మంగళవారం, మధ్యాహ్నం 1:10

కువైట్ నుంచి రాస్తున్నాను, పద్నాలుగేళ్లుగా ఇక్కడే. మా రాజంపేట, రాయచోటి, పీలేరు వాళ్లం ఎంతమందిమో ఇక్కడ. ఊరికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు చెన్నైయో, బెంగళూరో, హైదరాబాదో పట్టుకుంటాం. రేణిగుంటలో నేరుగా దిగే రోజు రావాలని మా అందరి కోరిక. రాత్రంతా ప్రయాణం చేసి దిగినాక మళ్లీ నాలుగు గంటలు కారులో కూర్చోవడం ఎంత భారమో మాకు తెలుసు.

తమ్ముడూ, నీ టికెట్ మీద దిగే టైం ఎంతని రాసుంది?

కట్టమంచి కుర్రోడు | మంగళవారం, మధ్యాహ్నం 1:32

రాత్రి 9:50 అన్నా. రెండున్నర గంటలే గదా, నాయన రాత్రి మాత్ర అక్కడికి పోయి వేసుకుంటానంటా ఉండాడు.

రాజంపేట టు ఫర్వానియా | మంగళవారం, మధ్యాహ్నం 1:50

అదే అడిగింది. రెండున్నర కాదు, ఐదు గంటలు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ 9:50 అంటే మన చిత్తూరులో రాత్రి 12:20. దిగే టైం ఎప్పుడూ దిగే ఊరి టైమే రాస్తారు. నాయన మాత్ర, అన్నం మన గడియారం ప్రకారం విమానంలోనే పడాలి. మాత్రలు పెద్ద పెట్టెలో వేయకుండా చేతి సంచిలో పెట్టు, డాక్టర్ చీటీ ఇంగ్లీషులో ఉండాలి.

ఇంకొకటి, దయచేసి జాగ్రత్తగా చదువు. బాలింతకని అమ్మ ఏమేం కడుతోందో చూడు. గసగసాలు ఒక్క గింజ కూడా ఉండకూడదు, మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. గల్ఫ్ దేశాల్లో అవి మత్తుపదార్థం కింద లెక్క, జైలు దాకా పోతుంది. ఎండు కొబ్బరి మన ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేస్తారు. దానిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే వస్తువుల్లో చేర్చారు. వాము, శొంఠి, మిరియాలు, నెయ్యి, ఊరగాయ పెట్టుకోవచ్చు. ఊరగాయ, నెయ్యి మాత్రం చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో, కారకుండా రెండు కవర్లలో.

కట్టమంచి కుర్రోడు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

అన్నా, అమ్మ గసగసాలు పావుకిలో తెప్పించి పెట్టింది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినాను. మీకు ఎట్లా చెప్పాలో తెలీడం లేదు.

పలమనేరు అక్క | మంగళవారం, సాయంత్రం 6:40

చిత్తూరు వాళ్లకు చెన్నైకి ఇంకో దారి ఉంది కదా, ఎవరూ అనలేదే! చిత్తూరు నుంచి గుడిపాల, నరసింగరాయనపేట దాటి రాణిపేట పోతే బెంగళూరు–చెన్నై హైవే తగులుతుంది. వాలాజాపేట, కాంచీపురం బైపాస్, శ్రీపెరంబుదూరు. అది చెన్నైకి నైరుతి పక్కనుంచే వస్తుంది, ఎయిర్‌పోర్ట్ ఉండేది ఆ పక్కనే. ఊళ్లోకి అడుగు పెట్టే పని లేదు. అంతా కలిపి 150 కిలోమీటర్లకు అటూ ఇటూ. రేణిగుంట నుంచి పోయేదానికంటే కిలోమీటర్లు ఎక్కువే, మనసుకు మాత్రం నిమ్మళంగా ఉంటుంది.

మాకు పలమనేరు, కుప్పం, మదనపల్లె వాళ్లకు బెంగళూరు నయం. ఇదీ అట్లాంటి కథే. 2008కి ముందు బెంగళూరు ఎయిర్‌పోర్ట్ ఊరి మధ్య హెచ్ఏఎల్‌లో ఉండేది. దేవనహళ్లికి మారాక ముళబాగిలు, కోలారు దాటి హోస్కోటలో తిరిగిపోతే ఊరు తగలదు. అదే బెంగళూరుకు దక్షిణాన కట్టి ఉంటే మేమూ చెన్నైకే పోయేవాళ్లం.

అన్న తీసిన రేణిగుంట టికెట్‌ను ఒక రోజు ముందుకు మార్చగలరేమో అడుగు. 11వ తేదీ దిగి, రాత్రి సొంత ఇంట్లో పడుకొని, తెల్లారి తీరుబడిగా బయలుదేరితే అమ్మకూ నడుము నొప్పి ఉండదు.

లెక్కల అయ్యవారు | మంగళవారం, రాత్రి 8:30

అమ్మాయి చెప్పిందే సరైన లెక్క. ఇంకో లాభం కూడా ఉంది. దేశీయ టికెట్ మీద ఒక్కొక్కరికి మామూలుగా 15 కిలోలే రానిస్తారు. గల్ఫ్ టికెట్ మీద అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. సామాను చిత్తూరులోనే ఉండి కారులో నేరుగా చెన్నై పోతే ఆ ఇబ్బందే లేదు.

మామిడి కాయల కాలం కదా, చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరి ఉంటాయి. దామలచెరువు మార్కెట్ దగ్గర కూడా అంతే. రేణిగుంట నుంచి చిత్తూరు ఇంటికి గంటన్నర అనుకున్నది రెండు గంటలవుతుంది. అది ముందురోజే అయిపోతే కంగారు ఉండదు.

కట్టమంచి కుర్రోడు | బుధవారం, ఉదయం 7:15

అన్నతో మాట్లాడినాను. తేదీ మార్పుకు కొంత డబ్బు కట్టాల్సి వచ్చింది, కట్టేసినాడు. 11వ తేదీ మధ్యాహ్నం దిగుతారు. తేదీ అయినాక ఏ టైంకి ఎక్కడున్నామో అంతా రాస్తాను.

కట్టమంచి కుర్రోడు | 13వ తేదీ, ఉదయం 10:05

మాట ఇచ్చినట్టు రాస్తా ఉండాను.

11న హైదరాబాద్ విమానం గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. అదే రోజు కువైట్ విమానం ఉండి ఉంటే నాకు ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేస్తా ఉంది. అమ్మ వీల్‌చైర్‌లో అందరికంటే చివర బయటికొచ్చింది, రన్‌వే అన్న చెప్పినట్టే. గాదంకి దగ్గర టీ తాగి, కాణిపాకంలో స్వామికి దండం పెట్టుకోని ఇల్లు చేరినాం.

12న ఇంటి నుంచి 11:30కి కదిలినాం. నరసింగరాయనపేట 11:55. వాలాజాపేట 12:45. కాంచీపురం దగ్గర ఆగి నాయన మాత్ర వేసుకోని తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిన్నాం, నలభై నిమిషాలు. హైవే పనులు జరుగుతా ఉండాయి, చాలాచోట్ల సర్వీసు రోడ్డులోకి దింపుతారు. శ్రీపెరంబుదూరు 2:35. అక్కణ్నుంచి అసలు కష్టం. కంటైనర్ లారీలు, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు. చివరి ముప్పై చిల్లర కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు. టెర్మినల్ 2 ముందు 3:45కి ఆగినాం. మీటర్ మీద 151 కిలోమీటర్లు. ఆగిన టైం తీసేస్తే మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలు.

పెద్ద పెట్టెలు రెండూ తూకంలో సరిపోయినాయి. గసగసాలు ఇంట్లోనే ఉండాయి. కువైట్ నుంచి చెల్లెలు రాత్రి ఫోన్ చేసింది, క్షేమంగా చేరినారు. నాయన విమానంలో మన టైం ప్రకారమే మాత్ర వేసుకున్నాడంట.

ఇంకొకటి అడగాల. మూడు నెలల తర్వాత వచ్చేటప్పుడు తెల్లవారి 4:10కి చెన్నైలో దిగుతారు. నేను చిత్తూరులో ఎన్ని గంటలకు బయలుదేరాల?

రన్‌వే 08 | 13వ తేదీ, ఉదయం 11:20

చాలా సంతోషం తమ్ముడూ. 4:10కి దిగితే ఇమిగ్రేషన్, లగేజీ అయ్యి బయటికి వచ్చేసరికి 5:15, వీల్‌చైర్ ఉంటే 5:30. ఆ టైంకి చేరాలంటే నువ్వు అర్ధరాత్రి దాటాక చిత్తూరు వదలాలి. నిద్ర లేకుండా అటు 150, మళ్లీ వాళ్లని ఎక్కించుకొని ఇటు 150 వద్దు. ముందురోజు సాయంత్రమే వచ్చి శ్రీపెరంబుదూరు పక్క ఒక గది తీసుకొని పడుకో, 4:15కి లే. తిరిగి వచ్చేటప్పుడు పొద్దున్నే ఎంత తొందరగా శ్రీపెరంబుదూరు దాటేస్తే షిఫ్టు బస్సులు అంత తక్కువ తగులుతాయి.

పలమనేరు అక్క | 13వ తేదీ, మధ్యాహ్నం 12:02

ఫ్లాస్కులో వేడి నీళ్లు, అమ్మకు ఒక దిండు పెట్టుకో తమ్ముడూ. ఆ టైంలో హైవే మీద హోటళ్లు చాలావరకు తెరిచి ఉండవు. కాంచీపురం వచ్చేసరికి ఇడ్లీ దొరుకుతుంది.